ఎర్ర గీతల భాగం

సోమవారం మొదటి పీరియడ్‌లో పటం గీయాలి.
మకారాలో, నదికి రాయి విసిరేంత దూరంలో మా బడి.
క్లోతారియో మాస్టారి దగ్గర రేకు అచ్చు ఒక్కటే ఉండేది.
నలభై మందిమి వరసలో నిలబడి
దాని అంచు వెంట పెన్సిల్ తిప్పేవాళ్ళం.
ఈక్వడార్.
తూర్పున పెద్ద అడవి, కిందికి పొడుచుకొచ్చిన కోణం,
అక్కడ ఎర్ర పెన్సిల్‌తో ఏటవాలు గీతలు.
"ఇది మనది. వాళ్ళు లాక్కున్నారు" అని కింద
గుండ్రని అక్షరాలతో రాయాలి.
గీతలు మర్చిపోతే రెండు మార్కులు పోతాయి.
నేనెప్పుడూ మర్చిపోలేదు.

ఆ అడవిని మా ఇంట్లో ఎవరూ చూడలేదు.
మాస్టారూ చూడలేదు.
అయినా అది పోయిందని
జెండా వందనం దగ్గర, అందరూ చూస్తుండగా,
అమ్మమ్మ పోయినప్పటికన్నా ఎక్కువ ఏడ్చాను.
దానికి నాకో బొమ్మల పుస్తకం బహుమానం.

నది అవతల పెరూ.
ఎండాకాలం మోకాటిలోతు నీళ్ళు.
మా మేకలు దాటి వెళ్ళి కడుపునిండా మేసి వచ్చేవి.
ఆ పూట పాలు ముట్టేవాడు కాదు తమ్ముడు అబ్దోన్.
తెల్లవారుజామున అటువైపు పుంజు
మా పుంజుకన్నా ముందే కూసేది.
మా పొద్దును కూడా లాగేసుకుంటోందని
దుప్పట్లో పళ్ళు కొరికేదాన్ని.

వాళ్ళని మేం కోళ్ళనేవాళ్ళం.
అదిలిస్తే చాలు, రెక్కలు టపటపలాడిస్తూ పరుగు.
అంత పిరికివాళ్ళు మన అడవిని ఎలా లాక్కున్నారు మాస్టారూ
అని అడగాలని ఎవరికీ తోచలేదు.
తోచిందేమో. అడగలేదు.

నాలుగో తరగతిలో ఉండగా కొండల్లో కాల్పులు.
మైదా జిగురుతో కిటికీలకు నీలం కాగితం అంటించాం.
ఈల వినపడగానే బల్లల కింద దూరాలి.
బల్ల అడుగున సరిగ్గా నా ముక్కుకెదురుగా
ఎవరో ఎప్పుడో అంటించిన ఎండు చూయింగ్ గమ్.
యుద్ధమంటే నాకిప్పటికీ ఆ పుదీనా వాసనే.

అబ్దోన్‌కి వేరే వాసన.
వాడు తర్వాతి యుద్ధానికి వెళ్ళి
ఎడమ పాదం అక్కడ వదిలేసి వచ్చాడు,
ఆ గీతల్లోనో, గీతల బయటో.
వాడు పటాల ఊసెత్తడు. వలలు అల్లుతాడు.

తర్వాత ఎక్కడో సంతకాలయ్యాయి.
అప్పటికి అదే బడిలో టీచర్ని నేను.
అట్టపెట్టెల్లో కొత్త పటాలొచ్చాయి, ఎర్ర గీతల్లేకుండా.
దేశం తోక తెగిన గాలిపటంలా ఉంది.
వెంట వచ్చిన కాగితంలో ఒకటే వాక్యం: ఇకమీదట ఇదే.
పిల్లలు చకచకా గీసేశారు, చిక్కీ తింటూ.
నల్లబల్ల మీద నా చెయ్యే
కోణం కొసదాకా పోయి ఆగింది.
అరచేత్తో తుడిచేశాను.
సుద్దపొడి రాత్రి అన్నంలోకీ వచ్చింది.

మొన్న అమ్మ కుట్టుమిషన్ షటిల్ విరిగితే
వంతెన దాటి సూయో వెళ్ళాను.
రిపేరు కొట్టు నెలీదాది. ఇంచుమించు నా ఈడే.
నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ
"ఏమనుకోకు, మిమ్మల్ని మేం కోతులనేవాళ్ళం" అంది.
"చెట్లు దిగొచ్చి ఆడపిల్లల్ని ఎత్తుకుపోతారని
మా టీచరమ్మ చెప్పేది.
ఆ ఏడాది మేమూ బల్లల కింద దూరాం."
కిటికీలకు ఏ రంగు కాగితం అంటించారని అడిగాను.
"నీలం. మీరు?"
ఆకుపచ్చ, అన్నాను.
ఎందుకన్నానో తెలీదు.

నవ్వుకున్నాం. బెల్లం వేసిన కాఫీ ఇచ్చింది.
షటిల్ బిగించి, తన బట్టముక్క మీదే కుట్టి చూపించింది,
వంకర లేని కుట్టు.
నా డాలరు నోటు వెలుతురుకెత్తి చూసింది.
ఆమె ఇచ్చిన చిల్లర నేను రెండుసార్లు లెక్కపెట్టాను.
సరిపోయింది.

వంతెన మధ్యలో నిలబడి
మూడోసారి లెక్కపెట్టాను.